గోపమ్మ పప్పు ఎందుకు ఉడకలేదు

గోపమ్మ మా ఊరికి కోడలిగా వచ్చినప్పుడు వెంట ఒక బట్టల మూట తెచ్చుకున్నది. దాన్ని గుంజకు తగిలించింది గానీ విప్పి సర్దుకోలేదు. కట్టుకునే చీర బయటికి తీసేది, ఉతికి ఆరేసేది, ఆరగానే మళ్లీ మూటలో పెట్టి ముడి వేసేది. పక్కింట్లో ఉండే మా అమ్మ అది చూసి, "ఏమే పిల్లా, ఎటన్న పోతున్నవా?" అని అడిగింది.

"పొమ్మంటే పోవాలె గద పెద్దమ్మా. అప్పుడు ఎతుక్కునుడెందుకు?" అన్నది గోపమ్మ.

నవ్వుతూనే అన్నది. కానీ పొమ్మంటే పోవడానికి ఆమెకు జాగా లేదు. పుట్టిల్లు నకిరేకల్ దగ్గర. రజాకార్లు ఆ ఇంటిని కాల్చేశారు. దొరలను ఎదిరించే సంఘంలో తిరిగాడని అన్నను యూనియన్ సైన్యం వచ్చాక పట్టుకుపోయి జైల్లో వేశారు. మిగిలింది ముసలి అవ్వ ఒక్కతే. ఆమె ఎవరిదో గొడ్ల కొట్టంలో పడుకుంటున్నది. గోపమ్మను వెనక్కి పంపడమంటే ఆ కొట్టంలోకి ఇంకో మనిషిని తోయడమే.

అయినా పంపేదాకా వచ్చింది. కారణం కందిపప్పు.

ఏడో తరగతో ఎనిమిదో తరగతో చదివే పిల్లలకు శాస్త్రం గురించి రాయమంటే నాకు ఈ గోపమ్మే గుర్తొచ్చింది. నేను బడికి పోయినవాణ్ని కాను. దొరికిన పుస్తకమల్లా చదువుకున్నవాణ్ని. ఆ పుస్తకాల్లో శాస్త్రం అనగానే గాజు గొట్టాల బొమ్మ, గడ్డం పెంచిన తెల్లాయన బొమ్మ వేస్తారు. చదివే పిల్లవాడు అది తనకు అందని సంగతి అనుకొని పేజీ తిప్పేస్తాడు. అందుకని ఇక్కడ గొట్టాలు పెట్టను. పొయ్యి ఉంది, కుండ ఉంది, చాలు.

ముందు మా ఊరి నీళ్ల సంగతి చెప్పాలి. ఊరి మంచినీళ్ల బావి దొర గడీ గోడను ఆనుకొని ఉండేది. సంఘం రోజుల్లో దొర గడీ వదిలి పట్నం పారిపోయాడు. సైన్యం వచ్చాక దాని వెనకే తిరిగొచ్చాడు, ఈసారి పోలీసు క్యాంపును వెంటబెట్టుకొని. క్యాంపువాళ్లు గడీ చుట్టూ ముళ్లతీగ కడుతూ కడుతూ బావిని కూడా లోపలికి కలిపేసుకున్నారు. అడిగినవాణ్ని తన్నారు. రాజ్యం మారిందని పట్నంలో మిఠాయిలు పంచుకున్నారట. మా వంతుకు వచ్చిన మార్పు ఇది. ఊరి ఆడవాళ్లు అప్పటిదాకా పశువులకు, మోటకు తప్ప వాడని ఉప్పుబావి నీళ్లు తెచ్చుకోవడం మొదలుపెట్టారు. తాగితే జర ఉప్పగా ఉంటాయి, అంతే. జొన్న గటక ఉడుకుతుంది, అన్నం ఉడుకుతుంది. వారం తిరిగేసరికి అందరికీ అలవాటైంది.

గోపమ్మ కాపురానికి వచ్చింది సరిగ్గా ఆ రోజుల్లోనే.

ఆమె అత్త గుర్వమ్మది కురుమోళ్ల ఇల్లు. గొర్ల మంద ఉంది. రైతుల చెలకల్లో మంద పెట్టి ఎరువు చేసినందుకు వాళ్లు కందులు కొలిచేవారు. అందుకే మా వాడలో అందరూ పండుగకు తినే పప్పు గుర్వమ్మ ఇంట్లో మామూలు రోజున కూడా ఉడికేది. కోడలు వచ్చిన తర్వాత మాత్రం ఉడకలేదు. పొద్దున పొయ్యి మీద పెడితే ఎండ నడినెత్తికి వచ్చినా గింజ గింజగానే ఉంది. పప్పుగుత్తితో ఎనిపితే గుత్తి కిందనుంచి జారి ఎగిరింది.

"ఏం జేసినవే దీన్ని?" అన్నది గుర్వమ్మ.

"ఏం జెయ్యలే అత్తా. కడిగిన, ఏసిన."

"నేను గీ ఇంట్ల ఇన్నేండ్లు కడగలేదా, ఏయలేదా?"

రెండోసారీ అంతే, మూడోసారీ అంతే. గుర్వమ్మ చెడ్డ మనిషి కాదు. అంతకుముందు ఏడాది రజాకార్లు కొట్టిన దెబ్బలతో మంచమెక్కిన మొగుడు మళ్లీ లేవకుండానే పోయాడు. ఆ వానకాలమే రోగమొచ్చి మందలో సగం పోయింది. ఇంటి మీద ఒకదాని వెనక ఒకటి పడుతుంటే మనిషి కారణం కోసం తడుముకుంటుంది. చేతికి దొరికిన కారణం కోడలి చెయ్యి. "దీని చెయ్యి మంచిది కాదు. పప్పే ఉడకని చెయ్యి ఇంటికేం కలిసొస్తది?" అన్నది. వాడంతా తలూపింది. మావాళ్లకు కోడలు దొరికితే చాలు, ఇంకెటూ చూడరు.

గోపమ్మ ఉపాయం ఒకటి పట్టింది. అత్త గొర్ల దగ్గరికి పోగానే ఉడకని పప్పును రోట్లో వేసి రుబ్బి, మళ్లీ కుండలో పోసి వేడి చేసేది. కొన్నాళ్లు అట్లా గడిచింది. తర్వాత ఒకరోజు అత్త మధ్యలో తిరిగొచ్చి రోలు దగ్గర పట్టేసుకున్నది. అప్పుడు పెట్టిన కేకలు మా ఇంటిదాకా వినిపించాయి.

ఆ నిప్పులో నూనె పోసినవాడు గోపమ్మ మొగుడు భిక్షం. పాపం, వాడికేం తెలుసు. మందతో పాటు వాగు అవతల ఉండి, వారానికోసారి ఇంటికి వచ్చేవాడు. అమ్మ గొడవ చెప్పుకుంటుంటే విని, "గీ పప్పే గద నేను తీస్కపోయింది? నేను మంద కాడ వండుకుంటే ఎన్నపూస లెక్క ఉడికింది" అన్నాడు.

"ఇన్నవా?" అన్నది గుర్వమ్మ కోడలితో. "గొర్లు కాసే మొగోని చెయ్యి మంచిగున్నది. నీదే మంచిగలేదు. ఒక్క సంచిల పప్పు! ఇంకేం గావాలె సాక్ష్యం?"

చూడడానికి గట్టి సాక్ష్యమే. పప్పు ఒకటే, వండిన చేతులు రెండు. ఒక చేతిలో ఉడికింది, ఒక చేతిలో ఉడకలేదు. గుర్వమ్మ అక్కడే తీర్పు చెప్పేసింది. శివరాత్రి దాటాక గొర్ల బొచ్చు కత్తిరింపు ఉంటుంది. చుట్టుపక్కల కురుమోళ్లంతా కత్తెరలు పట్టుకొని ఒకరి ఇంటికి ఒకరు పనికి వస్తారు. ఇంటివాళ్లు వాళ్లకు రొట్టె, పప్పు పెట్టాలి. కులపెద్ద ఐలేశం కూడా వస్తాడు. "గా రోజు గూడ పప్పు గిట్లనే ఉంటే ఐలేశమన్న ముందల పెట్టి, దీన్ని తోలిస్త" అన్నది గుర్వమ్మ.

గోపమ్మ ఆ రోజంతా ఏడ్చిందని మా అమ్మ చెప్పింది. మర్నాడు మాత్రం ఏడుపు మాని భిక్షాన్ని పట్టుకున్నది. వాడు మందకు బయల్దేరుతున్నాడు.

"ఏమయ్యో, పోయేముందు ఒక్కసారి పప్పు వండిపో."

"నేనా? ఇంట్ల? నల్గురు జూస్తే నవ్వుతరే."

"నన్ను తోలిస్తే గూడ నవ్వుతరు. వండు."

భిక్షం వండాడు. కోడలు ఆ కుండ దరిదాపుల్లోకి పోకుండా గుర్వమ్మ కాపలా కూర్చున్నది. మధ్యాహ్నానికి మూత తీసి చూస్తే గింజలు గింజలుగానే ఉన్నాయి.

"ఏందిరా, నీ చెయ్యి గూడ పాడైందా?" అన్నది తల్లి.

"దాన్ని పెండ్లి జేస్కున్న గద, అంటుకున్నదేమో" అన్నాడు భిక్షం. తల్లి పప్పుగుత్తి విసిరింది. గోపమ్మ మాత్రం కాపురానికి వచ్చాక మొదటిసారి పైకి నవ్వింది.

ఈ ఒక్క పని ఎంత పెద్దదో పిల్లలు గమనించాలి. అప్పటిదాకా గుర్వమ్మ దగ్గర ఉన్నది ఒక ఊహ: చెయ్యి చెడ్డది కాబట్టి పప్పు ఉడకలేదు. ఊహ తప్పు కాదు, ఊహించకుండా ఎవరూ ఏదీ కనుక్కోలేరు. తప్పెక్కడంటే, ఊహను పరీక్ష పెట్టకుండానే దాని మీద మనిషిని శిక్షించడం. గోపమ్మ తనకు తెలియకుండానే ఇలా అడిగింది: చెయ్యే కారణమైతే, మంచి చెయ్యి ఈ ఇంట్లో వండినా ఉడకాలి కదా? ఉడకలేదు.

అయినా గుర్వమ్మ ఒప్పుకోలేదు. "ఇసుర్రాయిల పప్పు ఇసిరింది నువ్వే గద. నీ చెయ్యి దానికి మొదలే తగిలింది" అన్నది.

"మంద కాడ ఉడికింది గూడ నేను ఇసిరిన పప్పే అత్తా" అన్నది గోపమ్మ.

గుర్వమ్మ గొర్రెపిల్లలకు ఆకు వేసే వంకతో బయటికి పోయింది.

తర్వాతి వారం మొగుడికి రొట్టెలు కట్టుకొని గోపమ్మ వాగు దాటింది. మంద దగ్గర మూడు రాళ్ల పొయ్యి మీద, మొగుడి కుండలో, తన చేత్తో పప్పు వండింది. రొట్టె తినేలోపు మెత్తబడింది. వేలితో నొక్కితే వెన్న. ఆమె అక్కడే ఇసుకలో కూలబడి, "నా చెయ్యి మంచిదేనయ్యో" అన్నదట. భిక్షం నాకు ఈ మాట చెప్పేటప్పుడు మొహం పక్కకు తిప్పుకున్నాడు.

చెయ్యి కాదని ఆమెకైతే తెలిసింది. మరి ఏది? మంద దగ్గర కుండ వేరు. కట్టెలు వేరు, అక్కడ తంగేడు పుల్లలు, ఇంట్లో తుమ్మ మొద్దులు. నీళ్లు వేరు, వాగు ఇసుకలో గుంట తోడితే ఊరే చెలిమె నీళ్లు.

భిక్షానికి ఓపిక తక్కువ. "కుండ, కట్టె, నీళ్లు, అన్ని మోస్కపో. అమ్మ ముందల వండు. ఉడుకుతది. కత ఖతం" అన్నాడు.

"అన్ని ఒక్కసారే తీస్కపోతే ఏదాంతోని ఉడికిందో నాకెట్ల ఎర్కైతది? బతుకంత నీ కుండ, నీ కట్టెలు, నీ నీళ్లు మోసుకుంట తిరగన్నా?"

ఆమె ఆలోచించింది మోతబరువు గురించి. కానీ పెద్ద పెద్ద పరీక్షలు చేసేవాళ్లు పాటించే నియమం కూడా ఇదే: ఒకసారికి ఒక్కదాన్నే మార్చు, మిగిలినవి కదిలించకు. రెండు మారిస్తే జవాబు వచ్చినా అది దేని జవాబో తెలియదు.

ముందు తంగేడు పుల్లలు మోపు కట్టి తెచ్చింది. ఇంటి కుండ, ఇంటి నీళ్లు. ఉడకలేదు. గుర్వమ్మ చూస్తూ ఉన్నది. తర్వాత మంద దగ్గరి కుండ తెచ్చింది, ఇంటి కట్టెలు, ఇంటి నీళ్లు. ఉడకలేదు. చుట్టుపక్కలవాళ్లు గోడల మీదినుంచి తొంగిచూసి, "కుండలు మారిస్తే చేతులు మారుతయా?" అని పకపక నవ్వారు. కత్తిరింపు ముంచుకొస్తున్నది. ముందురోజు గొర్లను వాగులో కడుగుతారు. గోపమ్మ కూడా వెళ్లి, గొర్లు దిగకముందే పైనున్న చెలిమె నుంచి నీళ్లు తోడుకొని నెత్తిన పెట్టుకొచ్చింది. ఇంటి కుండలో, ఇంటి కట్టెలతో, చెలిమె నీళ్లతో పప్పు ఎక్కించింది. ఇదొక్కటే మిగిలింది.

ఉడకలేదు.

ఆమె పొయ్యి ముందు అట్లాగే కూర్చుండిపోయింది. మా అమ్మ వెళ్లి చూసేసరికి గుంజకున్న మూట దింపి ఒడిలో పెట్టుకొని ఉన్నది. "ఇంగ ఏం లేదు పెద్దమ్మా. నాదే ఏదో ఉన్నది" అన్నది.

మా అమ్మ ఊరికే కూర్చోలేక, గరిటెతో పప్పు కలిపింది. గరిటెకు గోధుమరంగు పీచు చుట్టుకొని వచ్చింది.

"ఇదేందే? చింతపండు అప్పుడే ఏసినవా? పుల్లగైతే పప్పు ఎట్ల మెత్తవడ్తదే?"

"నేను ఎయ్యలే."

అరుగు మీదున్న గుర్వమ్మ తల తిప్పింది. "నేనే ఏసిన. గొర్ల కాడికి పోయే తొందర్ల, మల్ల మర్చిపోతనని ముందుగాలనే పడేసిన. పడేస్తే ఏమైంది?"

అన్నాక ఆమెకే అర్థమైంది. చింతపండు ముందు వేస్తే పప్పు బిరుసెక్కుతుందని పొయ్యి ముందు కూర్చున్న ప్రతి ఆడమనిషికీ తెలుసు. గోపమ్మ మారకూడదనుకున్న వాటిలో ఒకటి ఆమె చూడకుండానే మారింది. ఆ పరీక్ష చెల్లదు. పరీక్ష తప్పయితే దాని జవాబును పట్టుకొని ఏడవడం దండుగ. మళ్లీ చెయ్యాలి.

గోపమ్మ మూటను మళ్లీ గుంజకు తగిలించింది.

కత్తిరింపు రోజు పొద్దున్నే వాకిలి నిండింది. కత్తెరల చప్పుడు, గొర్ల అరుపులు, గుట్టలు గుట్టలుగా బొచ్చు. కులపెద్ద ఐలేశం గొంగడి పరుచుకొని నీడలో కూర్చున్నాడు. గోపమ్మ వాకిట్లోనే, అందరికీ కనబడేలా, రెండు పొయ్యిలు పక్కపక్కన పెట్టింది. రెండు పాత కుండలు అత్తనే ఏరి ఇమ్మన్నది. సంచిలో పప్పు అత్తనే కొలిచి పోయమన్నది. ఒకదాంట్లో ఉప్పుబావి నీళ్లు, ఒకదాంట్లో చెలిమె నీళ్లు. చింతపండు ఉట్టి మీద.

"ఉప్పుబావి నీళ్లది నేను వండుత, వాగు నీళ్లది నువ్వు వండు" అన్నది గుర్వమ్మ.

"వద్దత్తా. నా చెయ్యి చెడ్డదన్నవు గద. గా చెడ్డ చెయ్యితోనే రెండు వండుత. చెయ్యి చెడ్డదైతే రెండు ఉడకొద్దు."

ఐలేశం నోట్లోని చుట్ట తీసి, "ఏందమ్మా గుర్వమ్మా, మమ్ముల రెండు పప్పులు పెట్టి సంపుతవా ఏంది?" అన్నాడు. జనం నవ్వారు. గోపమ్మ నవ్వలేదు. రెండు పొయ్యిల్లోకీ ఒకే మోపులోంచి కట్టెలు ఎగదోస్తూ కూర్చున్నది.

ఎండ ముదిరాక గుర్వమ్మే ముందుకొచ్చి గరిటె తీసుకున్నది. ఉప్పుబావి కుండలోంచి నాలుగు గింజలు తీసి బొటనవేలితో నొక్కింది. గింజ పక్కకు జారింది. చెలిమె కుండలోంచి తీసి నొక్కింది. వేలి కింద ఏమీ మిగల్లేదు. మళ్లీ తీసింది, మళ్లీ నొక్కింది. గరిటె పక్కన పెట్టి, "కుండలు మార్చి ఇంకోసారి ఎక్కియ్యి. గీ కుండే మంచిదేమో" అన్నది.

వాకిలంతా గొల్లుమన్నది. "ఓ గుర్వమ్మా, ఆకలయితాందే!" అని అరిచారు. నేను కూడా అప్పుడు విసుక్కున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆమె అడిగింది న్యాయమే. ఒక్కసారి జరిగింది గాలివాటం కావచ్చు. గోపమ్మ కుండలు కడిగి, నీళ్లు తారుమారు చేసి, కొత్తగా పప్పు పోసింది. పనివాళ్లు అప్పటికి రొట్టెను కారంతో నమిలారు.

రెండోసారి కూడా చెలిమె నీళ్లదే ఉడికింది.

గుర్వమ్మ ఐలేశం ముందుకు వెళ్లింది. "అన్నా, నీకు కోడలి ముచ్చట చెప్పిన గద. అది అవద్దం. నీళ్లు, అన్నా. బావి నీళ్లు. ముళ్లతీగ పడ్డనాడు నీళ్లు మారినయి, గప్పుడే గీ పిల్ల వచ్చింది. నేను పిల్లను జూసిన, నీళ్లను జూడలే."

అప్పుడు ఉన్నట్టుండి మా అమ్మ, "మా ఇంట్ల గూడ ఉడుకుతలేదు" అన్నది.

"మరెప్పుడు జెప్పకపోతివి?" అన్నది గుర్వమ్మ.

"ఏమని చెప్పాలె? సంక్రాంతికి వండితే గట్లనే అయింది. నా చెయ్యే పోయిందనుకున్న. రోట్లేసి రుబ్బిన."

బట్టలు ఉతికే సైదమ్మ మూట దించి, "నేను గూడ రుబ్బుతున్ననమ్మా" అన్నది. "గా నీళ్లల్ల సబ్బు గూడ నురగ వడ్తలేదు, సబ్బే మంచిగలేదనుకున్న." ఇంకొకామె, ఇంకొకామె. ఇంటి గుట్టు బయట పడుతుందని ఎవరికి వాళ్లు తలుపులు వేసుకొని పప్పు రుబ్బుకున్నారు! ఒక్కరు పక్కింట్లో అడిగి ఉంటే ఈ గొడవే లేకపోయేది. తెలిసింది దాచుకుంటే ఎంత నష్టమో ఆ రోజు మా వాడ మొత్తం ఒకరి మొహాలు ఒకరు చూసుకొని నేర్చుకున్నది. తర్వాత వచ్చిన నవ్వు ఆగలేదు. ఐలేశానికైతే చుట్ట పొగ గొంతుకు అడ్డం పడింది.

ఉప్పుబావి నీళ్లు పప్పును ఎందుకు ఉడకనివ్వవు? ఆ రోజు ఎవరికీ తెలియదు. నేలలోని సున్నం లాంటివి కరిగి ఉన్న నీళ్లు పప్పును గట్టిపరుస్తాయని నేను చాలా రోజుల తర్వాత ఒక పుస్తకంలో చదివాను. ఆ కుండల లోపల పట్టే తెల్లటి పెచ్చు అదే. కానీ గోపమ్మ తేల్చింది దాని కోసం ఆగలేదు. ఏది కారణమో ఒక ప్రశ్న. ఎట్లా కారణమైందో ఇంకో ప్రశ్న. మొదటిది చాలు, ఒక మనిషి గొడ్ల కొట్టానికి పోకుండా ఆగడానికి.

ముళ్లతీగ మాత్రం పరీక్షలతో ఊడలేదు. మంచి నీళ్లు ఎవరివో అందరికీ తెలిసినా, క్యాంపు ఎత్తేసేదాకా బావి లోపలే ఉన్నది. ఆ కోపం నాకు ఇంకా పోలేదు.

సాయంత్రం కత్తెరలవాళ్లు వెళ్లిపోయాక గుర్వమ్మ రెండు ఖాళీ కడవలు తెచ్చి కోడలి ముందు పెట్టింది. "రేపటిసంది చెలిమెకు ఇద్దరం పోదం. ఒక్కదానివి ఎన్ని మోస్తవు" అన్నది. మళ్లీ తనే, "నీళ్లల్ల ఇసుక వస్తాంది, వడవోసే బట్ట జూడు" అన్నది.

గోపమ్మ లేచి గుంజకున్న మూట దింపింది. ముడి బిగుసుకుపోయి ఉంది, పళ్లతో లాగి విప్పింది. ఉన్న రెండు చీరలూ దండెం మీద అత్త చీర పక్కన వేసింది. మూట గుడ్డను ఒకసారి దులిపి, కడవ మూతికి కట్టి చూసింది. సరిగ్గా సరిపోయింది.